ఎల్లగోడ దగ్గర వదిలేసిన బాతు

కుముదవతీ నగరం చుట్టూ ఏడు ప్రాకారాలు లేవు. మొసళ్ళు తిరిగే కందకమూ లేదు. కానీ పాలరాతి మేడలున్నాయి, మేడల మీద నెమళ్ళున్నాయి, వీధివీధినా చలువపందిళ్ళు, పందిళ్ళకు మల్లెదండలు, ఆ దండల కింద పన్నీటి బుడ్లు పట్టుకుని వచ్చేపోయేవాళ్ళ ముఖాన చల్లే దాసీలూ ఉన్నారు. ధవళదేశపు రాజధాని అన్నాక ఆమాత్రం ఆర్భాటం ఉండాలి మరి. అయితే ఆ పున్నమినాటి సాయంత్రం ఊళ్ళ నుంచి బళ్ళు కట్టుకుని వచ్చిన జనం ఆ మేడల వంక కన్నెత్తి చూడలేదు, నెమళ్ళు పురి విప్పినా పట్టించుకోలేదు. అందరూ వచ్చింది కోట ముందు మైదానంలో పట్టుపందిరి కింద నిలబెట్టిన ఒక పాత గోడముక్కను చూడడానికి.

ఆ జనంలో ఒక బాతులవాడు తోసుకుంటూ నడుస్తున్నాడు. తల మీద వెదురుబుట్ట, బుట్టలో ఒక బాతు, ముక్కు కింద మేకవెంట్రుకలతో అతికించిన మీసం. అతడు నిజం బాతులవాడు కాడని కనిపెట్టడానికి గొప్ప తెలివేమీ అక్కర్లేదు. బాతులవాళ్ళెవరూ బుట్టలోని బాతుతో "అన్నగారూ, కుదుపులకు మన్నించాలి. ఇక్కడ దారి బాగాలేదు" అని మాట్లాడరు.

అతడు పింగళదేశపు చిన్న యువరాజు రుచిరవర్మ. బుట్టలో ఉన్నది, అతని లెక్క ప్రకారం, పట్టాభిషేకం జరగవలసిన పెద్ద యువరాజు ప్రచండవర్మ.

ప్రచండవర్మ వేటకు వెళ్ళి, అడవిదారిలో నులకమంచం వేసుకుని పడుకున్న ఒక ముసలాణ్ణి "అడ్డు లేవవోయ్" అని కసిరాడు. ఆ ముసలాడు కరాళజంఘుడనే మాంత్రికుడు. ఆ మంచం అతని వాహనం. లేవలేదు సరికదా, పడుకున్నచోటి నుంచే చిటికె వేశాడు. గుర్రం మీది యువరాజు కాస్తా, బట్టలు జీను మీదే వదిలి, బాతై కిందపడ్డాడు. మాంత్రికుడు ఆ బాతును తీసుకుపోయి, తన కొండగుహ పక్కనున్న నల్లమడుగులో వదిలాడు. అక్కడ అప్పటికే బోలెడు బాతులున్నాయి. వాటిలో మాజీ సేనాపతులున్నారు, వర్తకులున్నారు, సంగీతం పాడి మాంత్రికుడి నిద్ర చెడగొట్టిన భాగవతులున్నారు.

వెంట వెళ్ళిన వేటగాళ్ళ వల్ల సంగతి తెలుసుకుని రుచిరవర్మ వంటవాడి వేషంలో ఆ గుహలో చేరాడు. వేషం వెయ్యడం అతనికి కష్టం కాలేదు, ఎందుకంటే పుట్టినప్పటి నుంచి అతని మనసంతా వంటింట్లోనే ఉంది. అదను చూసి మడుగు గట్టున నూకలు చల్లాడు. బాతులన్నీ ఎగబడ్డాయి. ఒక్క బాతు మాత్రం బండరాయి మీద మెడ నిక్కించి కూర్చుని, నూకలు తన దగ్గరికే రావాలన్నట్టు చూసింది. చెయ్యి చాపితే చటుక్కున వేలు కొరికింది. "అన్నగారే" అని రుచిరుడి కళ్ళు చెమర్చాయి. అన్న తనతో ఏనాడూ కొరకకుండా మాట్లాడింది లేదు. అయినా అన్న కనిపించకుండా పోయిన దగ్గర్నుంచి, పొద్దున్నే తనను కసిరేవాడు లేక ఆ కోటంతా అతనికి పాడుపడ్డట్టు అనిపించింది. బాతును చంకలో పెట్టుకుని ఆ రాత్రే పారిపోయాడు.

అప్పుడే ఇంకో బాతు వెంటపడింది. చూడ్డానికి బక్కగా, మట్టిరంగులో, ఎవరో తిట్టి పంపినట్టుండే బాతు. రుచిరుడు మట్టిబెడ్డలు విసిరాడు. అది పక్కకు తప్పుకుని మళ్ళీ వచ్చింది. నదిలో పడవ ఎక్కితే ఈదుకుంటూ వచ్చింది. పడుకుంటే అతని పాదాలకు ఆనుకుని పడుకునేది. పోనీలే అని నాలుగు నూకలు వేస్తే, అవి తినకుండా ముక్కుతో అతని వైపే నెట్టేది. ఇంత వెర్రిబాతు లోకంలో ఉండదని రుచిరుడు అనుకున్నాడు.

దారిలో గుహలో ఉండే ఒక యోగిని ఉపాయం చెప్పింది. "ధవళదేశంలో ఎల్లగోడ ముక్క ఒకటి మిగిలి ఉంది నాయనా. దాని గుమ్మంలోంచి లోపలికి దాటితే మీద ఉన్న మంత్రం గడప అవతలే ఆగిపోతుంది. ఈ పున్నమి చంద్రుడు పొడవకముందే దాటించాలి. ఆలస్యమైతే ఇక బతుకంతా బాతే." ఆవిడ ఆ తరవాత కూడా ఏదో ముఖ్యమైన విషయం చెప్పింది. కానీ అదే సమయానికి రుచిరుడి ముందు ఆకులో పనసతొనలు పెట్టారు. మిగతాది అతని బుర్రకెక్కలేదు.

అన్న బాతుగా మిగిలిపోతే సింహాసనం తన మెడకు చుట్టుకుంటుందన్న భయం కూడా అతనికి ఉంది. తండ్రి అప్పుడే కంసాలిని పిలిపించి కిరీటానికి అతని తల కొలతలు తీయించాడు. రుచిరుడి దృష్టిలో సింహాసనమంటే వంటింటికి అన్నిటికన్నా దూరంగా వేసిన పీట.

ఇక ఆ ఎల్లగోడ సంగతి. ఒకప్పుడు ధవళరాజూ పింగళరాజూ చదరంగం ఆడుకుంటున్నారు. ధవళరాజు తుమ్మాడు. తుమ్మి కళ్ళు తెరిచేసరికి తన ఏనుగు బల్ల మీద లేదు. ఏనుగేదని అడిగితే, నీ తుమ్ముకే ఎగిరిపోయిందని పింగళరాజు అన్నాడు. అంతే, రెండు దేశాల మధ్య కొండల నుంచి సముద్రం దాకా గోడ లేచింది. గోడ మీదుగా బాణాలు విసురుకోవడం చాలక మాంత్రికులను పెట్టి మంత్రాలు విసురుకున్నారు. పొద్దున లేచేసరికి మంత్రులకు తోకలు, సేనానులకు కొమ్ములు మొలిచేవి. అది భరించలేకనే ధవళరాజు శిల్పి గోడ గుమ్మానికి మంత్రం దాటని కట్టు కట్టాడు.

తరవాతి తరాల్లో పెళ్ళిసంబంధాలు కలిసి గోడ కూలిపోయింది. కూలిపోయిందనడం కన్నా జనం ఎత్తుకుపోయారనడం సబబు. ఆ ఇటికలతో పశువులకొట్టాలు కట్టారు, పొయ్యిలు వేశారు, బట్టలు ఉతికే బండలు చేశారు. గుమ్మం ఉన్న ముక్క ఒక్కటే మిగిలింది. ఎందుకంటే గోడ పడిపోయిన సంగతి అక్కడి కావలివాడికి ఎవరూ చెప్పలేదు, అతను ఎవరినీ ఇటిక ముట్టనివ్వలేదు. ఆ ముక్కను ఏనుగుల మీద రాజధానికి తెచ్చి, పట్టుపందిరి కింద నిలబెట్టి, చుట్టూ ఎర్రతాళ్ళు కట్టారు. ఆ కావలివాడి మనవడు నాగులప్ప ఇప్పుడు దానికి ద్వారాధికారి. తాతగారి కవచమే తొడుక్కుంటాడు. తాతగారు రెండింతల మనిషి కావడంతో అందులో మనవడు నడుస్తుంటే గిన్నెలు దొర్లినట్టు చప్పుడొస్తుంది.

"జరగండి, జరగండి. తాళ్ళు పట్టుకోకూడదు. ఇటికలు గీకకూడదు," అంటున్నాడు నాగులప్ప. "ఈ గోడ కొండల దగ్గర మొదలై సముద్రంలో కాళ్ళు కడుక్కునేది. ఇప్పుడు పందిరి పట్టినంత. మిగతాదేమైందని నన్నడక్కండి, మీ ఇళ్ళకెళ్ళి పొయ్యిల కింద చూసుకోండి. అవతలి ముఖాన రాతిసింహాలున్నాయి. రాజుగారు మజ్జిగ తాగుతూ చూడ్డానికి బాగుంటాయని వాటిని మేడవైపు తిప్పించి పెట్టించారు."

"పక్కనుంచి చుట్టి పోవచ్చు కదయ్యా?" అని జనంలోంచి ఒక పెద్దాయన అడిగాడు.

"పోవచ్చు. మేకలు అలాగే పోతాయి. మనుషులు గుమ్మంలోంచి పోతారు," అన్నాడు నాగులప్ప.

గుమ్మం దాటడానికి ఒక ఆచారం ఉంది. ఆ గోడ నిలిచినన్నాళ్ళూ జతలను విడదీసింది. అన్న ఇటు, తమ్ముడు అటు. ఒక ఎద్దు ఇటు, దాని కాడి జోడు అటు. ఆ కష్టం మరిచిపోకూడదని, గుమ్మం దాటేవాడి దగ్గర ఏది జతగా ఉన్నా అందులో ఒకటి అక్కడ వదిలి వెళ్ళాలి. అందుకే ఆ పండగరోజు కుముదవతిలో సగం జనం ఒంటిచెప్పుతో కుంటుతూ, ఒంటికమ్మతో మెరుస్తూ తిరుగుతారు. వదిలినవాటిలో తినేవి ఏవైనా ఉంటే కోటపక్క గాడిపొయ్యిల దగ్గరికి పోతాయి. చంద్రోదయం కాగానే అందరికీ సంతర్పణ.

రుచిరవర్మ వరసలో నిలబడ్డాడు. వరస నత్తలా కదులుతోంది. తూర్పున ఆకాశం అప్పుడే పసుపు కలిపిన పాలలా మారుతోంది. అంతలో జనం మీద నీడ పడింది. అందరూ తలెత్తారు.

ఆకాశంలో నులకమంచం ఒకటి గిరికీలు కొడుతోంది. నులక ఒకవైపు వదులై కిందికి వేలాడుతోంది. మంచం మీద జడలు విరబోసుకున్న కరాళజంఘుడు ఒక కోడు పట్టుకుని కిందికి వంగి చూస్తున్నాడు. "బాతేది? నా బాతేది?" అని ఉరిమాడు. ఆ ఉరుముకు పన్నీటి బుడ్లు పగిలాయి, నెమళ్ళు మేడలు దిగి వంటశాలల్లో దాక్కున్నాయి. పండగ ఏర్పాట్లు ఈసారి ఘనంగా ఉన్నాయని జనం చప్పట్లు కొట్టారు.

రుచిరుడు వరస తప్పించి ఇద్దరి కాళ్ళ మధ్య నుంచి దూరి, ఒక శెట్టిగారి బొజ్జ కింద నుంచి పాకి, నాగులప్ప ముందు లేచాడు.

"అయ్యా, నన్ను ముందు పోనివ్వండి. ప్రాణం మీదికొచ్చింది."

"అందరికీ ప్రాణం మీదికే వస్తుంది. ఏం తెచ్చావ్?"

"ఒక బాతు."

నాగులప్ప కవచంలో మెడ సాగదీసి అతని వెనక్కి చూశాడు. "ఒకటా? మరి కాళ్ళకు రాసుకుంటున్నదేంటి?"

మట్టిరంగు బాతు రుచిరుడి మడమ పక్కన నిలబడి ఉంది.

"అది నాది కాదండీ. ఎక్కడ్నుంచో వెంటపడింది."

"నువ్వు ఇక్కడుంటే అదిక్కడుంది. జతే. ఆచారం ఆచారమే. ఒకటి వదలాలి."

"తీసుకోండి బాబూ, నిక్షేపంగా తీసుకోండి," అన్నాడు రుచిరుడు. దాన్ని రెండు చేతులా ఎత్తి నాగులప్ప చేతిలో పెట్టాడు. బాతు పెనుగులాడలేదు. మెడ తిప్పి అతని వంక చూసి, ఒక్కసారి సన్నగా అరిచింది. నాగులప్ప దాన్ని వెనకనున్న వంటవాడికి అందించాడు. వంటవాడు దాని పొట్ట తడిమి, బక్కగా ఉందని పెదవి విరిచి, తీసుకుపోయాడు.

సరిగ్గా అప్పుడే నులకమంచం మైదానంలో ధబ్బున దిగింది. దాని కింద రెండు మిఠాయి దుకాణాలు నలిగాయి. కరాళజంఘుడు లడ్డూలు తొక్కుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. రుచిరవర్మ బుట్టను గుండెకు హత్తుకుని, కళ్ళు మూసుకుని గుమ్మంలోకి దూకాడు. గడప దాటాడు, అవతల పడ్డాడు, కళ్ళు తెరిచాడు.

బుట్టలో అన్నగారు లేరు. బాతే ఉంది. పైగా దానికి ముక్కు పక్కన మెలితిరిగిన మీసం మొలిచింది. తన మేకవెంట్రుకల మీసం కన్నా అదే నిండుగా ఉంది. రుచిరుడు కంగారుగా లేవబోతే వెనక ఏదో పట్టి లాగినట్టయింది. చేత్తో తడిమి చూసుకున్నాడు. బారెడు కోతితోక. దాని కొనకు ఎవరో మంత్రిగారిది కాబోలు, ఒక పాత వెండి గజ్జె కూడా కట్టి ఉంది.

అప్పుడు అతనికి పనసతొనల మాటున వినిపించిన రెండో సగం గుర్తుకొచ్చింది. "గుమ్మం ముందు చెప్పులు విడిచినట్టే నాయనా. లోపలికి వచ్చేవాడు మంత్రాన్ని గడప అవతల విడిచి వస్తాడు. మంత్రంతో సంబంధం ఉన్నవాడు బయటికి వెళితే మాత్రం అక్కడ విడిచినవి తగులుకుంటాయి. చెప్పుల దగ్గర జరిగేదే ఇక్కడా జరుగుతుంది, ఎవరివి ఎవరికి తగులుకుంటాయో చెప్పలేం."

అంటే తను లోపలికి రాలేదు. బయటికి పోయాడు. ఎలా పోయాడో మాత్రం అతనికి అంతుపట్టలేదు. కోటవైపుకు వస్తే లోపలికి వచ్చినట్టు కాదా?

గోడకు ఇవతల, అంటే వీధివైపు, కరాళజంఘుడు గడపకు ఆరడుగుల దూరంలో ఆగిపోయాడు. ఆ గుమ్మం సంగతి అతనికి బాగా తెలుసు. తోక చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. తరవాత ఉన్నట్టుండి నవ్వు మానేసి, గొంతు తగ్గించాడు.

"ఒరే అబ్బాయ్, ఆ బాతు నాకిచ్చెయ్యి. నీకు పుణ్యముంటుంది. మడుగులో బాతులన్నీ తీసుకుపో, కావాలంటే ఎగిరే మంచం కూడా తీసుకుపో. అదొక్కటీ నాకిచ్చెయ్యి. దాన్ని మాత్రం ఈ గుమ్మం ఇటు దాటించకు."

అంతటి మాంత్రికుడు బతిమాలుతున్నాడంటే బుట్టలో ఉన్నది అన్నగారేనని రుచిరుడికి ఇంకా గట్టి నమ్మకం కుదిరింది. ఏం చెయ్యాలో తోచక గోడ వంక చూశాడు. రాతిసింహాలు రెండు నోళ్ళు తెరిచి, కోరలు చాచి, సూటిగా తన మీదికే గుడ్లురుముతున్నాయి. తన వెనక దూరంగా మేడ మీద రాజుగారు మజ్జిగ తాగుతున్నాడు, ఆయన మీదికి కూడా అవే సింహాలు ఉరుముతున్నాయి.

"ఎవడైనా కాపలాకుక్కను తన ఇంటి వైపు మొరగమని కట్టేసుకుంటాడా?" అనుకున్నాడు రుచిరుడు. సింహాలు ఉండవలసింది శత్రువు వచ్చే వైపు. మజ్జిగ తాగుతూ చూడ్డానికని రాజుగారు గోడనే వెనక్కి తిప్పి పెట్టించాడు. ఇన్నేళ్ళుగా ధవళదేశపు కోట, అందులోని రాజూ, మంత్రులూ, మజ్జిగా అన్నీ గోడ బయటే ఉన్నాయి. వీధిలో నిలబడి వేరుశనక్కాయలు తినే జనమే లోపల ఉన్నారు.

అతను ఇంకేం ఆలోచించలేదు. తోక భుజాన వేసుకుని, బుట్ట పట్టుకుని, వచ్చిన గుమ్మంలోంచే వెనక్కి దూకాడు. గడప మీద చురుక్కుమంది. తోక ఊడి అవతలే పడింది. బాతు మీసం ఊడింది. బుట్ట ఒక్కసారిగా బండబరువై చేతిలోంచి జారిపోయింది. గుప్పున పొగ లేచింది.

ఆ పొగలోంచి తెల్లచీర కట్టుకున్న ఒక ముసలావిడ దగ్గుతూ లేచింది. నుదుట అర్ధరూపాయంత బొట్టు, చేతిలో కర్ర. లేస్తూనే కర్ర ఎత్తింది.

"ఏరా చిట్టీ," అంది.

కరాళజంఘుడి ముఖం పాలిపోయింది. దేశాలను గడగడలాడించిన గొంతు పీలగా వచ్చింది. "అమ్మా."

"చెవులు కడుక్కున్నావా అని అడిగానని కన్నతల్లిని చీరా కర్రతో సహా బాతును చేస్తావా? అదీ శిష్యుల ముందు అడిగానని? ఇప్పుడు వీళ్ళందరి ముందూ అడుగుతున్నాను. కడుక్కున్నావా?"

జనం అంతా మాంత్రికుడి చెవుల వైపు చూశారు. మాంత్రికుడు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. కర్ర అతని వీపు మీద ఒకటి పడింది, రెండోది పడబోయింది. మంచం వైపు పోదామంటే అమ్మ అడ్డంగా ఉంది, పక్కలకు పోదామంటే జనం ఉన్నారు. గుమ్మం ఒక్కటే ఖాళీగా కనబడింది. తల్లి చేతి కర్రకు భయపడ్డవాడికి ఎంత శాస్త్రం చదివినా ఆ క్షణానికి గుర్తుండదు. గుమ్మంలోంచి అవతలికి ఉరికాడు.

గడప అవతల విడిచినవన్నీ అతనికే తగులుకున్నాయి. కోతితోకతో, మెలితిరిగిన మీసంతో ఒక బాతు అవతల తేలి, తన తోక తనే తొక్కుకుని బోర్లాపడింది. తిరపమ్మ, అదే ఆ అవ్వ పేరు, గుమ్మంలోంచి పోకుండా తాపీగా గోడ పక్కనుంచి చుట్టివెళ్ళి, దాని మెడ ఒడిసిపట్టి చంకలో పెట్టుకుంది. "ముందు నీకు తలంటాలి," అంది.

రుచిరవర్మ ఇంకా ఖాళీబుట్ట వంకే చూస్తున్నాడు. అతనికి ఏడుపొచ్చింది. అవ్వ వెనకాలే గోడ చుట్టి పరుగెత్తాడు.

"అవ్వా, మరి మా అన్నగారు?"

"ఏ అన్న?"

"పింగళదేశపు యువరాజు. గర్వంగా ఉంటారు. కొరుకుతారు."

"కొరికింది నేనయ్యా. నన్ను పట్టుకున్నావని కొరికాను. దారి పొడుగునా నేను నీ అన్నను కాదు మొర్రో అని అరుస్తూనే ఉన్నాను, వినిపించుకుంటేగా. మీ అన్న నీ వెనకే నడిచొచ్చాడు కదా. మడుగులో చేరిన రోజున మహా నిక్కాడు. నాలుగు బాతులు కలిసి పొడిచాక మనిషి దారికొచ్చాడు. నీ గొంతు వినబడగానే రెక్కలు కొట్టుకుంటూ గట్టెక్కాడు. ఆ మట్టిరంగుది."

 రుచిరుడికి తను విసిరిన మట్టిబెడ్డలన్నీ గుర్తొచ్చాయి. ముక్కుతో తన వైపు నెట్టిన నూకలు గుర్తొచ్చాయి. అన్న జీవితంలో మొదటిసారి తనకు ముద్ద పంచితే, వెర్రిబాతు అనుకున్నాడు. పైగా తన రెండు చేతులతో ఎత్తి వంటవాడికి అప్పగించాడు. అంత సిగ్గు అతనికి ఎప్పుడూ కలగలేదు.

తూర్పున కొండ అంచు వెండిలా వెలిగింది. చంద్రుడి నెత్తి కనబడడమే తరువాయి.

అతను గాడిపొయ్యిల దగ్గరికి పరుగెత్తాడు. అక్కడ రథచక్రాలంత మూకుళ్ళలో నూనె కాగుతోంది. ఒక పక్క ఒంటిచెప్పుల గుట్ట, ఇంకో పక్క తడికెల దొడ్డిలో ఆచారం కింద వచ్చిన బాతులు కిక్కిరిసి ఉన్నాయి. అన్నీ మట్టిరంగువే. ఇంత దూరం నడిచొస్తే ఏ బాతైనా మట్టిరంగుకే వస్తుంది. బండగా ఉన్న వంటపెద్ద కత్తి నూరుతూ దొడ్డి తలుపు తీస్తున్నాడు.

"అన్నగారూ," అని పిలిచాడు రుచిరుడు. అన్ని బాతులూ అరిచాయి.

పక్కనున్న గోనెలోంచి దోసెడు నూకలు తీసి దొడ్డిలో చల్లాడు. బాతులన్నీ ఒకదాని మీద ఒకటి ఎగబడ్డాయి. మూలనున్న ఒక్కటి మాత్రం ఎగబడలేదు. తన ముందు పడ్డ నూకలను ముక్కుతో ఒక్కొక్కటే తడికె సందులోంచి బయటికి, రుచిరుడి కాళ్ళ దగ్గరికి నెట్టింది.

రుచిరుడు తడికె పీకేశాడు. ఆ బాతును లాక్కుని పరుగు లంకించుకున్నాడు. దొడ్డిలోని బాతులన్నీ బయటపడి వంటవాళ్ళ కాళ్ళకు అడ్డం తగిలాయి. ఒక మూకుడు ఒరిగింది, వంటపెద్ద జారి పిండిగంగాళంలో కూర్చున్నాడు. "దొంగ, బాతుల దొంగ" అని అరుపులు. కోటభటులు ఈటెలు పట్టుకుని వెంటపడ్డారు. రుచిరుడు సింహాలవైపు నుంచి గుమ్మం చేరేసరికి నాగులప్ప ఈటెను అడ్డం పెట్టాడు.

"ఆగు. ఆచారం."

"ఒక్కటే బాతయ్యా. జత ఎక్కడుంది?"

"ఇందాక నాది కాదన్నావు, ఇప్పుడు గుండెకు కరుచుకున్నావు. ఎవరిది?"

"మా అన్న."

అబద్ధం చెప్పి ఉంటే సరిపోయేది. కానీ ఆ సిగ్గులో అతనికి అబద్ధం రాలేదు. నాగులప్ప కాసేపు ఆలోచించాడు. ఆలోచిస్తుంటే కవచం కిర్రుకిర్రుమంది.

"అన్నదమ్ములంటే జతే. అసలు ఈ ఆచారం పెట్టిందే అన్నదమ్ముల కోసం. ఒకరు దాటండి, ఒకరు ఆగండి."

కొండ అంచున చంద్రుడు తొంగిచూడబోతున్నాడు. వెనక భటుల అడుగులు వినబడుతున్నాయి. తనే దాటితే రుచిరుడికి ప్రాణం దక్కేది, కానీ ఆ ఆలోచన అతనికి రాలేదు. బాతు నెత్తిన ఒకసారి చెయ్యి వేసి, ఈటె కింద నుంచి బలంకొద్దీ గుమ్మంలోకి విసిరాడు.

అవతల ధబ్బుమని చప్పుడైంది. పొగ లేచింది. ఆడవాళ్ళు కెవ్వుమని ముఖాలు తిప్పుకున్నారు. ఎవరో పందిరి పట్టుగుడ్డ చర్రున చింపిన చప్పుడు. ఆ వెంటనే పింగళదేశమంతా ఎరిగిన గొంతు ఖంగుమంది.

"ఎవడ్రా అది, పట్టపు యువరాజును బస్తాలాగా విసిరింది?"

రుచిరుడు పకాలున నవ్వాడు. నవ్వుతుండగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. భటులు వచ్చి అతని మెడ పట్టుకున్నారు. వంటపెద్ద పిండి ఓడుతూ వచ్చి, వీడేనని చూపించాడు.

గోడ అవతల పట్టుగుడ్డ చుట్టుకుంటున్న చప్పుడు వినబడింది. తరవాత అదే గొంతు, రుచిరుడు పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ వినని మెత్తదనంతో, గుమ్మం దాకా వచ్చి అడిగింది.

"తమ్ముడూ, అక్కడే ఉన్నావా? నా దగ్గర నూకలు కూడా లేవు. నువ్వేమన్నా తిన్నావా?"

"ఇంకా లేదు అన్నగారూ," అని రుచిరవర్మ అరిచేసరికి, భటులు అతని రెండు చేతులూ వెనక్కి విరిచి కట్టి, కోటవైపు, అంటే బయటికి, ఈడ్చుకుపోతున్నారు.